కేసు సంగతి ముందే చెప్పి పని ఇప్పించే ఆఫీసు: విజయనగరంలో నా అనుభవం

విజయనగరంలో రైల్వే స్టేషను నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో, కింద మందుల దుకాణమూ పైన రెండు గదులూ ఉన్న ఒక మేడలో, గోదాములకూ మిల్లులకూ టోకు దుకాణాలకూ మనుషులను కుదిర్చే ఆఫీసు ఒకటి ఉంది. జైలు నుంచి విడుదలైన వారికి పని చూపించడం దాని అసలు వ్యాపారం కాదు. బోర్డు మీద ఆ మాటే ఉండదు. బెంచీ మీద కూర్చుని ఎదురుచూసేవారిలో ఎక్కువమంది డిగ్రీ ముగించిన పిల్లలు, జీతం చాలక పని మారాలనుకునే డ్రైవర్లు, ప్యాకింగు పనికి వచ్చే ఆడవాళ్లు. అయినా శిక్ష అనుభవించి వచ్చిన మనిషిని గుమ్మంలోనే తిప్పి పంపకుండా కూర్చోబెట్టి మాట్లాడే చోటుగా దానికి లోపలివారిలో పేరుంది. నాకు దాని గురించి చెప్పినది కూడా ఆరిలోవలోని విశాఖ కేంద్ర కారాగారంలో నా పక్క బ్యారక్‌లో ఉండిన బొబ్బిలి మనిషే. 2024 ఆగస్టులో అక్కడ పేరు రాయించుకున్నాను. వాళ్లు పంపిన మొదటి చోట తొమ్మిది రోజులు ఉన్నాను, రెండో చోట 14 నెలలుగా ఉంటున్నాను. ఈ రెండు అంకెలనూ కలిపి చూస్తే తప్ప ఆ ఆఫీసు మంచిచెడ్డలు తెలియవు కనుక రెండింటి గురించీ రాస్తున్నాను.

ఆఫీసు పేరు మాత్రం రాయడం లేదు. యజమాని వద్దనలేదు, రాస్తే నలుగురు వస్తారని సంతోషించే మనిషే ఆయన. వద్దన్నవారు నాలాగే అక్కడి నుంచి పనికి కుదిరిన ఇద్దరు. పేరు బయటపడితే ఆ ఆఫీసు పంపిన ప్రతివారినీ ఇతనూ జైలు నుంచి వచ్చినవాడేనా అని యజమానులు ఎగాదిగా చూస్తారని, పోలీసు స్టేషను గుమ్మం కూడా తొక్కని పిల్లలకు ఆ మచ్చ అంటుకుంటుందని వారన్నారు. అది సబబుగానే తోచింది. పేరు లేని సమీక్ష ఎందుకని అడిగేవారు ఉంటారు. ఇలాంటి ఆఫీసుకు వెళ్లినప్పుడు ఏం అడగాలో, ఎంత ఇవ్వాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో ముందుగా నాకు చెప్పినవారు ఉండి ఉంటే ఆరు నెలల కాలమూ రెండున్నర వేల రూపాయలూ మిగిలేవి. అందుకే రాస్తున్నాను.

నా సంగతి క్లుప్తంగా చెబుతాను. మాది నరసన్నపేట వైపు పల్లె. రైసు మిల్లులో 11 ఏళ్లు గుమాస్తాగా చేశాను. పొలం గట్టు తగాదాలో నా కర్ర దెబ్బకు మా చిన్నాన్న కొడుకు చెయ్యి విరిగింది. ఆ దెబ్బ నేను కొట్టలేదని కోర్టులోనూ అనలేదు, ఇప్పుడూ అనను. ఐపీసీ 325 కింద, అంటే తీవ్రంగా గాయపరిచినందుకు, మూడేళ్ల శిక్ష పడింది. 2021 అక్టోబరులో లోపలికి వెళ్లి, అంతకుముందు రిమాండులో గడిపిన రెండు నెలలూ, రెమిషన్ పేరుతో జైలువారు శిక్షలో తగ్గించిన రోజులూ పోను, 2024 ఫిబ్రవరిలో బయటికి వచ్చాను. పాత మిల్లు యజమాని ఇంటికి పిలిచి కాఫీ ఇచ్చాడు, యోగక్షేమాలు అడిగాడు, పని మాత్రం ఇవ్వలేదు. "నీ మీద నాకేటీ లేదురా, మీ చిన్నాన్నోళ్లు కూడా ధాన్యం ఇక్కడికే తెస్తారు కదా" అన్నాడు. అందులో అబద్ధం లేదు కనుక కోపం కూడా తెచ్చుకోలేకపోయాను.

ఆ తరువాతి ఆరు నెలల్లో తెలుసుకున్నది ఏమిటంటే, ఏ పనికి చట్టం అడ్డువస్తుందో, ఏ పనికి కేవలం మనిషి భయం అడ్డువస్తుందో మనకు ఎవరూ విడదీసి చెప్పరు. సెక్యూరిటీ గార్డు పని సులువుగా దొరుకుతుందని ఊరంతా చెబుతుంది. అయితే 2005 నాటి ప్రైవేటు భద్రతా సంస్థల నియంత్రణ చట్టం 10వ సెక్షను ప్రకారం, కోర్టులో నేరం రుజువై శిక్ష పడిన మనిషిని గార్డుగా గానీ సూపర్‌వైజరుగా గానీ పెట్టుకోకూడదు. ఆ సంగతి నాకు యూనిఫాం కొలతలు ఇచ్చిన తరువాత తెలిసింది. సోంపేటలో ఉన్న మా బావమరిది గల్ఫ్‌కు రమ్మన్నాడు, ఉద్దానంలో ఇంటికొకరు అక్కడే ఉన్నట్టుంటారు. కానీ 1967 నాటి పాస్‌పోర్టు చట్టం 6వ సెక్షను ఒకటి ఉంది. నైతిక పతనంతో కూడిన నేరానికి రెండేళ్లకు తక్కువ కాని జైలు శిక్ష, దరఖాస్తుకు వెనుకటి ఐదేళ్ల లోపల పడి ఉంటే పాస్‌పోర్టు నిరాకరిస్తారు. చెయ్యి విరగ్గొట్టడం నైతిక పతనం కిందికి వస్తుందా రాదా అన్నది అధికారి తేల్చవలసిన మాట. ఏజెంటు మాత్రం అదంతా తాను చూసుకుంటానని, ముందు సొమ్ము కట్టమని అన్నాడు. అక్కడితో ఆ దారి వదిలేశాను.

ఈ ఆఫీసుతో పోల్చి చూడడానికి మరో ఆఫీసు గురించి చెప్పక తప్పదు. శ్రీకాకుళంలో ఒక కన్సల్టెన్సీ వారు రిజిస్ట్రేషను పేరుతో 2,500 రూపాయలు తీసుకుని, ఫ్యాక్టరీ స్టోరులో పనికి దరఖాస్తు నింపించారు. అందులో "మీపై క్రిమినల్ కేసులు గానీ శిక్షలు గానీ ఉన్నాయా" అనే గడి దగ్గర నా కలం ఆగింది. బల్ల అవతలి కుర్రాడు నా చేతిలోంచి కాగితం తీసుకుని, 'లేదు' అన్న దగ్గర తానే టిక్కు పెట్టి, "అందరూ ఇలాగే పెడతారు అంకుల్" అన్నాడు. మూడో వారంలో విచారణ నివేదిక వచ్చింది, పని పోయింది. నన్ను పిలిచిన అధికారి మర్యాదగానే మాట్లాడాడు. శిక్ష గురించి ముందే చెప్పి ఉంటే ఆలోచించేవారమేమో గాని, సంతకం చేసి అబద్ధం చెప్పిన మనిషి చేతిలో స్టోరు పెట్టలేమని అన్నాడు. ప్రభుత్వోద్యోగాల విషయంలో 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది కూడా దాదాపు ఇదేనని తరువాత తెలిసింది. దరఖాస్తులో స్పష్టంగా అడిగినదానికి నిజం చెప్పాలి, అడగనిదానికి మనం వెళ్లి చెప్పుకోనక్కరలేదు, కుర్రతనంలో నినాదాలు చేయడం లాంటి చిన్న విషయాన్ని దాచినా యజమాని మన్నించవచ్చు, పెద్ద విషయాన్ని దాస్తే ఆ దాచడమే పని తీసివేయడానికి కారణం కావచ్చు. ఆ టిక్కు పెట్టినది కుర్రాడే అయినా కింద సంతకం నాదే. ఆ తప్పులో నా వాటా అది.

ఇక విజయనగరం ఆఫీసులో మొదటి రోజు. బల్ల దగ్గర యాభై ఏళ్లు దాటిన ఆవిడ కూర్చుంటారు, యజమానికి వదినగారు. కంప్యూటరు పక్క బల్ల మీద ఉన్నా ఆవిడ రాసుకునేది నీలం అట్ట వేసిన పెద్ద లెడ్జరు పుస్తకంలో. చదువు, వయసు, ఊరు రాసుకున్నాక, 2021 నుంచి 2024 దాకా ఏం చేశారని అడిగారు. ఇంట్లోనే ఉన్నానన్నాను. ఆవిడ తల ఎత్తకుండానే, "ఏ సెక్షను బాబూ?" అన్నారు.

325 అని చెప్పాను.

"ఎదుటి మనిషి బాగున్నాడా?"

బాగున్నాడని, మా చిన్నాన్న కొడుకేనని, చెయ్యి అతికిందని చెప్పాను.

"మాటలున్నాయా ఇప్పుడు?"

లేవన్నాను. అది కూడా రాసుకున్నారు. పైన పంకా తిరుగుతోంది, పేజీ లేచిపోకుండా ఆవిడ ఎడమచేత్తో కళ్లజోడు పెట్టె దాని మీద ఉంచారు. తరువాత అడిగిన ప్రశ్న నేను ఊహించనిది: "లోపల ఏం పని చేశారు?" కర్మాగారం స్టోరులో సరుకు లెక్కలు రాసేవాణ్ణని చెప్పాను. ఎన్నాళ్లు, రోజుకు ఎన్ని పద్దులు, రిజిస్టరా కంప్యూటరా, తేడా వస్తే ఎవరికి చెప్పేవారు అని ఒకటొకటిగా అడిగి, అనుభవం అన్న గడిలో మిల్లు గుమాస్తా 11 ఏళ్లకు కింద "స్టోరు లెక్కలు, 2 ఏళ్లు" అని చేర్చారు. నేను ఇబ్బందిగా చూడడం గమనించి, అది కూలి తీసుకుని చేసిన పనే కదా అన్నారు. ఆ మాట నిజమే. కఠిన శిక్ష పడిన ఖైదీలు చేసే పనికి న్యాయమైన కూలి ఇవ్వాలని 1998లోనే గుజరాత్ కేసులో సుప్రీంకోర్టు చెప్పి ఉంది. అయితే బయటికి వచ్చాక ఆ పనిని అనుభవంగా లెక్కవేసిన మనిషి నాకు ఆవిడ తప్ప ఎదురుకాలేదు.

తీర్పు నకలూ విడుదల పత్రమూ జెరాక్సులు తెమ్మన్నారు. ఆ రెండూ చూసి అరపేజీ ఉత్తరం తయారు చేస్తారు. ఈ ఆఫీసు సేవలో ప్రధానమైనది ఈ ఉత్తరమే. ఏ నేరం, ఎంత శిక్ష, ఎప్పుడు విడుదల, ఇప్పుడు ఏ కేసూ నడవడం లేదన్న మాట, అంతకుముందు పని చేసిన చోటు, అక్కడివారితో తాము ఫోనులో మాట్లాడిన తేదీ, ఇంతే అందులో ఉంటాయి. మంచివాడని గానీ మారాడని గానీ ఒక్క ముక్క రాయరు. అలా రాయవచ్చు కదా అని అడిగితే, "అది మేం చూడలేదు కదండీ" అన్నారు ఆవిడ. ఉత్తరాన్ని మనకు చదివి వినిపించి, ఒప్పుకుంటున్నట్టు సంతకం తీసుకుని, కవరులో పెట్టి, మనిషిని చూడకముందే యజమానికి పంపుతారు. చదివి సరేనన్నవారి దగ్గరికే మనల్ని పంపుతారు. దీని విలువ అనుభవిస్తే గాని తెలియదు. జైలు అన్న మాటను మనమే చెప్పవలసి వస్తే, చెప్పే క్షణం కోసం ప్రతి రోజూ లోపల లోపల వెతుక్కుంటూ ఉంటాం. మొదటి రోజు తొందరనిపిస్తుంది, పదో రోజు ఆలస్యమైందనిపిస్తుంది, నెల దాటితే మోసమనిపిస్తుంది. ఆ భారాన్ని మరొకరు మోసి, మనం గుమ్మం ఎక్కేసరికి ఆ మాట పాతబడిపోయి ఉండేలా చేయడానికే నేను ఇక్కడ డబ్బు ఇచ్చానని అనుకుంటున్నాను. పని దొరకడం ఆ తరువాతి సంగతి.

ఆవిడకు చట్టం మీద ఉన్న పట్టు గురించి కూడా చెప్పాలి. నేను కూర్చున్న గంటలోనే, 22 ఏళ్ల కుర్రాడు ఒకడు తనకు శిక్ష పడిందంటూ కాగితాలు బల్ల మీద పెట్టాడు. ఆవిడ చివరి పేజీ తిప్పి, 1958 నాటి ప్రొబేషన్ చట్టం 4వ సెక్షను కింద సత్ప్రవర్తన బాండు మీద వదిలారని వేలు పెట్టి చూపించారు. అదే చట్టం 12వ సెక్షను ప్రకారం, నేరం రుజువైనందువల్ల ఏ చట్టమైనా అనర్హత విధిస్తే అది ఆ కుర్రాడికి వర్తించదు. నేరం రుజువైందన్న విషయం మాత్రం చెరిగిపోదు, అడిగిన చోట చెప్పవలసిందే. రెండేళ్లుగా వాడు ప్రతి దరఖాస్తులోనూ జైలు శిక్ష పడిందని రాస్తున్నాడట. మైనరుగా ఉన్నప్పుడు బాలల న్యాయ మండలి ముందుకు వెళ్లి వచ్చినవారు ఆ సంగతిని శిక్షగా రాయబోతే ఆవిడ ఇంకా గట్టిగా ఆపుతారు. 2015 నాటి బాలల న్యాయ చట్టం 24వ సెక్షను అలాంటివారికి ఏ అనర్హతా అంటకూడదంటుంది. 16 ఏళ్లు దాటి, ఘోరమైన నేరానికి పెద్దవారితో సమానంగా విచారణ జరిగి దోషులుగా తేలినవారికి మాత్రమే అది వర్తించదు. వకీలు దగ్గరికి వెళితే ఫీజు ఇచ్చి తెలుసుకోవలసిన సంగతులు ఇవి. ఇక్కడ ఉచితంగా, కాకపోతే అందరి ఎదుటా తెలుస్తాయి.

ఆ అందరి ఎదుట అన్న మాటే మొదటి ఫిర్యాదు. రెండు గదులున్నా లోపలి గదిని సామాన్ల గదిగా వాడుకుంటూ, ఈ మాటలన్నీ బెంచీకి ఆరడుగుల దూరంలో నడుపుతారు. ఆవిడ గొంతు మెల్లనిది కాదు. నా సెక్షను నంబరు ఆ రోజు బెంచీ మీద కూర్చున్న ఐదుగురూ విన్నారు. ఫోల్డింగు కుర్చీ ఒకటి లోపలి గదిలో వేస్తే తీరిపోయే పని అది. మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ "నిజమేనండీ" అన్నారు.

రెండో ఫిర్యాదు దీనికంటే పెద్దది. మొదట నన్ను ఒక టోకు సరుకుల దుకాణానికి పంపారు. ఉత్తరం అందింది, యజమాని సరేనన్నాడు, బిల్లులు రాసే చోట నన్ను కూర్చోబెట్టారు, పక్కనే గల్లా పెట్టె. రెండు రోజులు సాఫీగా గడిచింది. మూడో రోజు ఉదయం యజమాని బావమరిది బల్ల సొరుగులో రసీదు పుస్తకం కోసం వెతుకుతూ ఆ కవరు తీశాడు, చదివాడు, మడిచి ఎక్కడిది అక్కడ పెట్టాడు. ఎవరూ ఏమీ అనలేదు. మధ్యాహ్నం భోజనం చేసి చెయ్యి కడుక్కుని వచ్చేసరికి గల్లా పెట్టె నా పక్క నుంచి అవతలి బల్ల మీదికి మారింది. ఇంతకుముందు అది ఉన్న చోట, నాలుగు మూలలా దుమ్ము లేని చతురం ఒకటి మిగిలింది. సాయంత్రానికి హమాలీలకు తెలిసింది, మర్నాటికి ఎదురు దుకాణానికి తెలిసింది. ఇంకో ఆరు రోజులు ఉండి చూశాను. పెట్టె వెనక్కి రాలేదు. తొమ్మిదో రోజు సాయంత్రం చెప్పి వచ్చేశాను.

తప్పు దుకాణదారుదే అని ఆఫీసువారు అన్నారు. సగమే ఒప్పుకుంటాను. కాగితం ఒకసారి చేతులు మారాక అది ఎక్కడికి పోతుందో పంపినవారు ఆలోచించాలి. చదివించి వెనక్కి తీసుకోవచ్చు, జీతం ఇచ్చే మనిషికి తప్ప చూపించకూడదని షరతు పెట్టవచ్చు. నా గొడవ తరువాతే వాళ్లు ఆ పద్ధతి మార్చారు. ఇప్పుడు ఆఫీసు కుర్రాడు ఉత్తరం తీసుకువెళ్లి, యజమాని చదివాక వెనక్కి తెచ్చి, లెడ్జరులో అతికిస్తాడు. ఆ తొమ్మిది రోజుల జీతం రాబట్టడానికి మాత్రం నేను మూడుసార్లు మేడ ఎక్కవలసి వచ్చింది. చివరికి ఆఫీసువారే తమ చేతి నుంచి ఇచ్చి, దుకాణం దగ్గర తరువాత వసూలు చేసుకున్నారు. ఇచ్చారు కనుక ఇచ్చారని రాస్తున్నాను, ఆలస్యమైంది కనుక ఆలస్యమైందనీ రాస్తున్నాను.

రెండో చోటు నెల్లిమర్ల రోడ్డులో ఇనుము, సిమెంటు గోదాము. స్టోరు కీపరు పని. యజమాని ఆ ఉత్తరాన్ని కాటా పక్కన నిలబడి, లారీ తూకం పూర్తయ్యేలోగా చదివేశాడు. చదివి కుర్రాడి చేతికిచ్చి నన్ను అడిగిన ప్రశ్న ఒకటే: "కోపం ఎక్కువా?" ఉండేదన్నాను. "ఇక్కడ హమాలీలతో రోజూ గొడవే బాబూ, నాకూ కోపమే. రేపు ఎనిమిదింటికి వచ్చీ" అన్నాడు. సిమెంటు బస్తాలు వచ్చిన వరుసలోనే బయటికి వెళ్లాలి, పాతవి అడుగున ఉండిపోతే గడ్డకడతాయి. ఊచలు మందం ప్రకారం వేరువేరుగా పేర్చి, కట్టల లెక్కా తూకం లెక్కా రెండూ రాయాలి. లోపల రాసిన రిజిస్టరుకూ దీనికీ గీతలు కూడా దాదాపు ఒకటే. నెల తిరగకుండానే తేడాలు లేకుండా లెక్క తేల్చాను. ఆ మాటకు వస్తే మిల్లులో ధాన్యం తేమ లెక్కలు కట్టినవాడికి ఇది కష్టమైన విద్య కాదు.

తాళాల సంగతి ఒకటి చెప్పాలి. నేను చేరిన కొద్ది రోజులకే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం వచ్చింది. దసరా తరువాతి మంగళవారం మధ్యాహ్నానికి విజయనగరంలో ఏ దుకాణంలోనూ మనిషి నిలబడడు. పూజారి కూర్చున్న పొడవాటి సిరిమాను మూడు లాంతర్ల దగ్గరి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరిగే వరకూ ఊరంతా ఆ దారిలోనే ఉంటుంది. మాది నరసన్నపేట వైపు కనుక నేను చూడకపోయినా ఫరవాలేదని అందరూ కలిసి తేల్చారు. యజమాని తాళాల గుత్తి కాటా బల్ల మీద పెట్టి, పిల్లలను బండి ఎక్కించుకుని వెళ్లిపోయాడు. నమ్మకంతో పెట్టాడో, సిరిమాను దాటిపోతుందన్న తొందరలో పెట్టాడో ఇప్పటికీ తెలియదు. ఆ సాయంత్రం ఏడింటి దాకా గోదాములో నేనూ, కాటా కింద పడుకునే కుక్కా తప్ప ఎవరూ లేము. తిరిగి వచ్చి గుత్తి అడగలేదు, ఆ తరువాత కూడా అడగలేదు.

ఇక డబ్బు లెక్కలు. పేరు రాయించుకోవడానికి ఏమీ తీసుకోరు. రెండో నెల జీతం చేతికి వచ్చాక, సగం నెల జీతాన్ని రెండు వాయిదాల్లో తీసుకుంటారు. నా జీతం 14,000, కనుక 3,500 చొప్పున రెండుసార్లు కట్టాలి. మొదటి చోట నిలవలేదు కనుక దానికి ఏమీ పట్టుకోలేదు. మొదటి ఆరు నెలలు మనం ఆఫీసు జాబితాలోనే ఉంటాం, జీతం వారి ద్వారానే వస్తుంది, తరువాత యజమాని ఇష్టపడితే నేరుగా తన మనిషిగా రాసుకుంటాడు. నన్ను ఏడో నెలలో రాసుకున్నారు. జీతం చీటీలో పీఎఫ్ 12 శాతం కింద 1,680, ఈఎస్ఐ 0.75 శాతం కింద 105 పోను 12,215 రావాలి, అంతే వచ్చింది. కానీ మొదటి రెండు నెలలు కోసిన పీఎఫ్ సొమ్ము ఉమంగ్ యాప్‌లోని పాస్‌బుక్కులో కనిపించలేదు. అడిగితే సర్వరు అన్నారు, ఆడిటరు అన్నారు. మూడో నెలలో పాస్‌బుక్కు ఫోటో ప్రింటు తీసి బల్ల మీద పెట్టాక పది రోజుల్లో జమ అయింది. నాతో చేరిన మిగతా ఇద్దరు చూసుకోనేలేదు, నేను చెప్పాక చూసుకుంటే వారిదీ అదే స్థితి. ఉత్తరం రాయడంలో ఉన్న శ్రద్ధలో నాలుగోవంతు ఇక్కడ కూడా పెట్టి ఉంటే ఈ పేరా రాయవలసిన పని ఉండేది కాదు.

ఈ ఆఫీసు అందరికీ పనికి రాదు. విచారణ ఇంకా నడుస్తున్న కేసులున్నవారిని తీసుకోరు, వాయిదాలకు సెలవులు పెడతారని యజమానులు ఒప్పుకోవడం లేదంటారు. దొంగతనం, నమ్మకద్రోహం కేసుల్లో శిక్ష పడినవారికి గోదాము పనులు చూపించరు, లోడింగు పనులే చెబుతారు. ఇది నాకు నచ్చలేదు. కొట్లాట కేసువాడికి తాళాలు ఇవ్వవచ్చు, దొంగతనం కేసువాడికి ఇవ్వకూడదన్నది లోకం మాటే గాని, ఆరిలోవలో స్టోరు లెక్కలు నాకు నేర్పిన మనిషి దొంగతనం కేసులోనే వచ్చాడు, రెండేళ్లలో అతని పద్దులో ఒక్క మేకు తేడా రాలేదు. ఆడవాళ్లకు చూపించే పనులు మరీ తక్కువ. జీడిపప్పు ఒలవడం, ప్యాకింగు, అంతకు మించి లేవు. పెద్ద కంపెనీలతో వీరికి సంబంధాలు లేవు, 20 వేలు దాటే జీతం ఇక్కడ ఆశించకూడదు. ఇన్నేళ్లు గడిస్తే నీ శిక్షను ఎవరూ అడగకూడదని పెద్దవారి విషయంలో మన దేశంలో ఒక సాధారణ చట్టం లేదు కనుక, ఈ ఉత్తరం మనతో ఎన్నాళ్లు తిరగాలన్న ప్రశ్నకు ఆవిడ దగ్గర కూడా జవాబు లేదు. నాలాంటివాడు శాసనసభకు పోటీ చేయాలంటే మాత్రం విడుదలైన నాటి నుంచి 6 ఏళ్లు ఆగితే చాలు, ప్రజాప్రాతినిధ్య చట్టం 8వ సెక్షను అంతవరకే అనర్హత చెబుతుంది. ఆ లెక్కన 2030 ఫిబ్రవరి తరువాత ఎమ్మెల్యేగా నిలబడడానికి అర్హుణ్ణే అవుతాను, సిమెంటు గోదాము మారాలంటే అప్పటికీ కవరు తీసుకువెళ్లవలసిందే.

వెళ్లదలచినవారు తీర్పు నకలు మొత్తం తీసుకువెళ్లండి, చివరి పేజీ ఒక్కటే చాలదు. విడుదల పత్రం లేకపోతే ముందు జైలు నుంచి తెచ్చుకోండి. పాత యజమాని ఫోను నంబరు ఉంచుకోండి, ఆయన పని ఇవ్వకపోయినా మాట ఇస్తాడు. మా మిల్లు యజమాని నా గురించి పది నిమిషాలు మాట్లాడాడట. ఉత్తరం చదివి వినిపించినప్పుడు తలూపకుండా, కాగితం చేతికి తీసుకుని స్వయంగా చదువుకోండి. నా దాంట్లో విడుదల సంవత్సరం తప్పు పడితే నేనే దిద్దించాను. ఎవరెవరు చదువుతారో అప్పుడే అడగండి. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక వెళితే బెంచీ ఖాళీగా ఉంటుంది, మాట బయటికి వినిపించదు. ఐదు చుక్కలు వేసే పద్ధతిలో అయితే ఉత్తరానికి ఐదూ, డబ్బు లెక్కలకు రెండూ, ఆ బెంచీకి ఒకటీ వేస్తాను.

రెండో వాయిదా కట్టిన రోజున రసీదు అడిగాను. ఆవిడ ముద్ర వెతికి, ఊది, గట్టిగా నొక్కి ఇచ్చారు. మేడ దిగి బస్సెక్కాక చూసుకుంటే అందులో తేదీ లేదు, నేనే వేసుకున్నాను.